ఊటచెర్లకు సబ్‌వూఫర్ కావలెను

ఊటచెర్ల పురపాలక సంఘానికి గొంతులో గాంభీర్యం లేదన్న సంగతి ఇన్‌చార్జి కమిషనర్ వైకుంఠరావు గారికి ఒక పెళ్లి ఊరేగింపులో తెలిసింది.

ఆయన కారు ఆ ఊరేగింపు వెనక ఇరుక్కుపోయింది. ముందు పోతున్న డీజే వ్యాను నుంచి ఒక్క మాటా అర్థం కాలేదు గానీ, దుమ్ము దుమ్మని వచ్చే ఆ మోతకు ఆయన గుండె, జేబులో కళ్లజోడు, కారు అద్దాలు ఒకే తాళంలో వణికాయి. వింతేమిటంటే ఎవరూ విసుక్కోలేదు. ఆటోలవాళ్లు తప్పుకున్నారు. మేడల మీద నుంచి జనం తొంగి చూశారు. ఇదే జనానికి ఇంటిపన్ను కట్టమని సంఘం వ్యాను మైకులో మొత్తుకుంటే కిటికీ రెక్క కదలదు. తేడా ఎక్కడుందా అని ఇంటికి చేరేదాకా ఆలోచించి, బేస్‌లో ఉందని తేల్చుకున్నారు.

వెంటనే ఉత్తర్వు వెలువడింది. "సంఘం తరఫున వాహనముల ద్వారా చేయు ప్రకటనలు పీలగా ఉండుటవలన ప్రజలలో సంఘము పట్ల గౌరవభావము సన్నగిల్లుచున్నదని గమనించడమైనది. కావున అందుబాటు ధరలో, సీటు క్రింద పట్టునట్లు తక్కువ చోటు ఆక్రమించు, గంభీర ధ్వని నిచ్చు సబ్‌వూఫర్ ఒకటి ఎంపిక చేసి వాహనమునకు అమర్చువరకు, సంఘ ప్రతిష్ఠ దృష్ట్యా, ప్రకటనలన్నియు నిలిపివేయడమైనది."

పన్నుల ప్రకటన ఆగిపోయినందుకు ఊళ్లో ఎవరూ బెంగపడలేదు. ఆగిపోయిన వాటిలో నీళ్ల ప్రకటన కూడా ఉందని మాత్రం ఉత్తర్వు రాసినవాళ్లకు తట్టలేదు.

ఊటచెర్లలో ఊట లేదు. ఎక్కడో కాలవ నీళ్లు చెరువుకెక్కి, చెరువు నుంచి ట్యాంకుకెక్కి, ట్యాంకులో ఎంత ఉంటే అంత, కరెంటు ఎప్పుడుంటే అప్పుడు, వీధి తర్వాత వీధికి వదులుతారు. ఏ వీధికి ఎప్పుడొస్తాయో పంచాంగం చూసి చెప్పడానికి లేదు. పొద్దున్నే మస్తాన్ అనే డ్రైవరు పాత వ్యాను మీద హారన్ మైకు కట్టుకుని, తనే తోలుకుంటూ తనే చెప్పుకుంటూ వచ్చేవాడు. గొంతు ఈలలాగా సన్నం. అయినా మిక్సీ తిరుగుతున్నా, కుక్కర్ కూతేస్తున్నా, ఆడవాళ్లు ఆ గొంతును ఇట్టే పట్టేసేవాళ్లు. "కొస వీధి అమ్మలూ, మీకు పదకొండింటికొస్తయ్, అరగంటే, బిందెలు బెట్టుకోండి" అనేవాడు. అంతే. అందులో గాంభీర్యం లేదు గానీ, నీళ్లుండేవి.

కొస వీధి అంటే పైపుకు కొస. అందరి వంతూ అయ్యాక, మిగిలితే, ఏ మూడు రోజులకో ఒకసారి చేరేవి. ఆ వీధిలో ఉంటుంది ప్రసూన.

వ్యాను మూగబోయిన వారంలోనే ప్రసూన రెండుసార్లు నీళ్లు పోగొట్టుకుంది. ఒకసారి రేషన్ షాపు కాడ నిలబడి ఉండగా వచ్చి పోయాయి. రెండోసారి ఇంట్లోనే ఉంది, పంపు తిప్పి చూస్తే లోపలికి గాలి పీల్చుకుంటున్న చప్పుడు వినపడింది. పెరట్లో ఆమె నీలం రంగు డ్రమ్ము, కొసవీధిలో ప్రతి పెరట్లోనూ ఉండేలాంటిదే, అడుగు దాకా ఎండిపోయింది.

"ఏందే ప్రసూనా, ఇట్టా నిలబడి పంపు వంక చూస్తా ఉంటే అది సిగ్గుపడి ఇస్తదా?" అంది పక్కింటి జయమ్మ గోడ మీద నుంచి. జయమ్మకు నోరు ఎక్కువ, గోడ తక్కువ.

"మస్తాన్ గొంతు బాగలేదంట అత్తా. బేస్ వచ్చిందాకా ఆపారంట."

"బేస్ అంటే?"

"అడుగునుంచి వచ్చే మోత."

"ఆ మోత నా డ్రమ్ములో చానా ఉంది, పట్టుకపొమ్మను. పోయి అడగరాదూ, డిగ్రీ చదివినదానివి."

బి.కాం. చదివి ఇంతకాలం ఇంటిపట్టునే ఉన్నందుకు జయమ్మ వేసే పన్నుల్లో ఇదొకటి. ఫిర్యాదుల దినం రోజున ప్రసూన చీర మార్చుకుని సంఘం ఆఫీసుకు వెళ్లింది. మాట్లాడవలసింది దారి పొడవునా మనసులో అనుకుంటూనే ఉంది. నీళ్ల వ్యాను రావాలి, అంతే, ఇంకేమీ అడగకూడదు.

కమిషనర్ గారు ఆమె మాట పూర్తి కానిచ్చారు. అది ఆయన మంచితనం. తర్వాత పక్కనున్న అసిస్టెంట్ ఇంజనీరు దశరథరామయ్య వంక తిరిగి, "సబ్‌వూఫర్ రానిదే వ్యాను కదలడం నిబంధనలకు విరుద్ధం కదూ?" అన్నారు.

"విరుద్ధమే సార్."

"సబ్‌వూఫర్ ఎందుకు రాలేదు?"

"ఎంపిక కమిటీలో గృహిణీ ప్రతినిధి స్థానం ఖాళీగా ఉంది సార్. సబ్‌వూఫర్ గురించి అవగాహన కలిగిన గృహిణి లభ్యం కాలేదు."

కమిషనర్ గారు ప్రసూన వైపు తిరిగారు. "మీకు దాని గురించి ఏమైనా...?"

ఇక్కడ ప్రసూన ఒక పొరపాటు చేసింది. నిజం చెప్పింది. "మా ఇంట్లో ఏడాది బట్టీ అదే మాటండీ" అంది.

అది నిజమే. ఆమె భర్త కోదండపాణి సహకార బ్యాంకులో పనిచేస్తాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు ఒకటుంది. కారు చిన్నది, ఆయన కోరిక పెద్దది. అందుబాటు ధరలో, సీటు కింద పట్టేటట్టుగా ఒక సబ్‌వూఫర్ కొనాలని నిరుడు వేసవిలో అనుకున్నాడు. ఇంకా అనుకుంటూనే ఉన్నాడు. ఎనిమిదంగుళాలా పదంగుళాలా, ఆంప్లిఫయర్ లోపలే ఉన్నదా బయట పెట్టుకునేదా, పూర్తిగా మూసిన పెట్టె మేలా, గాలి పోయే రంధ్రం ఉన్నది మేలా అని ఫోన్లో చూస్తూ, అన్నం తింటూ, ప్రసూనకు చెబుతూ ఏడాది గడిపేశాడు. ఆమె సాంబారులో ఉప్పు చాలిందా అని అడిగితే "మూసినదైతే మోత కచ్చితంగా ఉంటది, రంధ్రమున్నదైతే జాస్తిగా ఉంటది" అనేవాడు. ఆమె దాన్ని "చాలింది" అని అర్థం చేసుకునేది.

ఆ సాయంత్రం "నన్ను కమిటీలో వేశారు" అని చెబితే కోదండపాణి ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. "నిన్నా? సబ్‌వూఫర్ కమిటీలోనా?" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమె వంక అంత గౌరవంగా చూడటం అదే మొదలు.

*

మొదటి సమావేశంలో "అందుబాటు ధర" అంటే ఏమిటన్న చర్చ జరిగింది.

"ఎవరికి అందుబాటు?" అన్నారు దశరథరామయ్య. ఆయన పద్ధతిగల మనిషి. చిన్న విషయాన్ని చిన్నదిగా వదిలెయ్యడం ఆయనకు చేతకాదు. "మరీ తక్కువ ధరైతే టెండరు అక్కర్లేదు. టెండరు లేకుండా కొంటే ఎందుకు పిలవలేదని ఆడిట్ వారు అడుగుతారు. టెండరు పిలవాలంటే ధర ఎక్కువుండాలి. ఎక్కువుంటే అందుబాటు కాదు."

"కనుక?" అన్నారు కమిషనర్ గారు.

"కనుక అందుబాటు ధర గలదే కావలెను, కాని ఖరీదైనదై ఉండవలెను సార్."

కమిషనర్ గారు తల పంకించి అలాగే రాయించారు.

తర్వాత "తక్కువ చోటు" సంగతి. సీటు కింద పట్టాలని ఉత్తర్వులో ఉంది. మస్తాన్‌ను పిలిచి సీటు కింద ఎంత చోటుందో కొలిచి చెప్పమన్నారు. మస్తాన్ తలుపు దగ్గరే నిలబడి బుర్ర గోక్కున్నాడు.

"సీటు లేదు సార్."

"లేకపోవడమేమిటి? మరి దేని మీద కూర్చుని తోలుతున్నావు?"

"ప్లాస్టిక్ కుర్చీ సార్. కాళ్లు కోసి బిగించినా. సీటు పనికిరాదని మీరే రాసిచ్చి వేలమేశారు గదా."

సబ్‌వూఫర్ సీటు కింద పెట్టాలంటే ముందు సీటు ఉండాలి. సీటు కొనాలంటే అది వాహన విడిభాగాల కమిటీ పరిధి. ఆ కమిటీ గడువు ముగిసి చాలా కాలమైంది. ప్రసూన మెల్లిగా, "కుర్చీ కిందనే పెడితే?" అంది.

"కుర్చీ ఫర్నిచర్ పద్దు కిందికి వస్తుందమ్మా" అన్నారు దశరథరామయ్య జాలిగా. "ఫర్నిచర్ కింద ధ్వని పరికరాలు పెట్టే ఆనవాయితీ లేదు."

రెండో సమావేశానికి బస్టాండు ఎదురుగా కారు సామాన్ల షాపు నడిపే శ్రీహరి రకరకాల పెట్టెలు పట్టుకొచ్చాడు. అతను వ్యాపారస్తుడు. ఏది కొంటారో తెలిసినా తెలియనట్టు మాట్లాడతాడు. మోత చెవికి వినపడితే చాలదు, ఒంటికి తెలియాలని కమిషనర్ గారు నియమం పెట్టారు. ఒంటికి తెలిసినట్టు రుజువేమిటి? బల్ల మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, నీళ్లు కదిలితే గాంభీర్యం ఉన్నట్టు. అయితే ఆఫీసు పంపులోనూ నీళ్లు రావడం లేదు. బయటి నుంచి నీళ్ల ప్యాకెట్లు తెప్పించారు. మొదటి ప్యాకెట్ నీళ్లు పరీక్షకు ముందే అటెండరు తాగేశాడు. ప్రసూన ఆ గ్లాసు వంక, అందులో అల్లాడుతున్న నీళ్ల వంక, ఎండాకాలంలో పిల్లి పాల వంక చూసినట్టు చూసింది.

సన్నటి పెట్టె ఒకటి చక్కగా పట్టేలా ఉంది గానీ నీళ్లు కదల్లేదు. "తక్కువ చోటు ఉంది, గాంభీర్యం లేదు" అని రాశారు. ఇంకొకటి మోగగానే పైకప్పు నుంచి సున్నం పెచ్చు ఊడి దశరథరామయ్య తల మీద పడింది. ఆయన దులుపుకోకుండానే "గాంభీర్యం ఉంది" అన్నారు. కాని అది పెద్దది. మూడోది రెంటికీ సరిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు దశరథరామయ్య చెయ్యెత్తారు.

"దీన్నుంచి మాటలు వినబడట్లేదు సార్."

"అది సబ్‌వూఫర్ అండీ" అన్నాడు శ్రీహరి. "మోతే ఇస్తది. మాటలకు వేరే స్పీకర్లుంటయ్."

"మాట రాని పరికరానికి ప్రజాధనం వెచ్చించామని రేపు ఎవరైనా అంటే? సంఘం ప్రకటన చేయడానికి కదా కొంటున్నాం?"

కమిషనర్ గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "దశరథరామయ్య గారూ, సంఘం ఏం చెబుతోందన్నది ప్రజలకు ముఖ్యం కాదు. చెబుతోందన్నది ముఖ్యం. అయినా మీ అభ్యంతరం సమంజసమే. సాంకేతిక అభిప్రాయం కోసం జిల్లా కేంద్రానికి రాయండి."

ప్రసూన గోడ గడియారం వంక చూసింది. అదీ ఆగిపోయి ఉంది. ఇంటికెళ్లాక తెలిసింది, కమిటీ నీళ్ల గ్లాసు చుట్టూ కూర్చున్న ఆ మధ్యాహ్నమే కొసవీధికి నీళ్లొచ్చి పోయాయని.

"కమిటీలో ఉంటివి, నీకు గూడా తెలీలా?" అంది జయమ్మ. ఈసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు. ఆమె కోడలు బాలింత. పసిగుడ్డుకు నీళ్లు పోయక రెండు రోజులైంది. ప్రసూన లోపలికెళ్లి, తాగడానికి దాచుకున్న బిందె తెచ్చి గోడ మీద పెట్టింది. జయమ్మ మాట్లాడకుండా తీసుకుంది. ఎప్పుడూ మాట్లాడే మనిషి మాట్లాడకపోతే ఎలా ఉంటుందో ప్రసూనకు అప్పుడు తెలిసింది.

*

అందుకే మూడో సమావేశంలో, జిల్లా కేంద్రం నుంచి జవాబు రాలేదనీ, గుర్తుచేయడానికి జ్ఞాపిక పంపాలనీ, జ్ఞాపికకు నమూనా ఖరారు చేయాలనీ దశరథరామయ్య చదువుతుంటే ప్రసూనకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు ఆమె గొంతు ఇంకా తియ్యగా మారుతుంది. అది కోదండపాణికి తెలుసు, కమిటీకి తెలియదు.

"అయ్యా, ఇంత కష్టమెందుకండీ? మా ఇంట్లో నీళ్ల డ్రమ్ముంది. ఖాళీది. అందులో మామూలు స్పీకరొకటి బిగించి మూతేస్తే వీటన్నిటికన్నా గంభీరంగా మోగుద్ది. పైసా ఖర్చు లేదు. వ్యాను వెనకాల పట్టుద్ది. సీటూ అక్కర్లేదు, కుర్చీ అక్కర్లేదు."

ఆ మాట ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుందనే ఆమె ఆశ. నీళ్లు లేని డ్రమ్ముల సంగతి ఇలాగైనా చెవిన పడాలని. కాని గదిలో ఎవరూ నవ్వలేదు, తలదించుకోలేదు. కమిషనర్ గారు ముందుకు వంగారు.

"పూర్తిగా ఖాళీయేనా?"

"పూర్తిగానండీ. చాన్నాళ్ల నుంచి."

"మీ వీధిలో ఇలాంటివి ఎన్ని ఉండవచ్చు?"

"ప్రతింట్లోనూ ఉన్నయండీ" అంది ప్రసూన. అన్నాక నాలుక కరుచుకుంది.

మర్నాడే మస్తాన్ వచ్చి ఆమె డ్రమ్ము వ్యానెక్కించాడు. శ్రీహరి మూతకు రంధ్రం చేసి పాత స్పీకరు బిగించాడు. ఆఫీసు ఆవరణలో మైకు పెట్టి కమిషనర్ గారు స్వయంగా "హలో" అన్నారు. ఆ హలోకు పార్కింగులోని బైకులన్నీ ఒకేసారి కుయ్యిమన్నాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. ఊరేగింపులో విన్నదాని కంటే బాగుందన్నారు. పరీక్ష గ్లాసులోని నీళ్లు సగం బయటికి చిందాయి.

"మేడమ్ గారి సూచన సంఘం చరిత్రలో మైలురాయి" అన్నారు దశరథరామయ్య, సున్నం ఇంకా జుట్టులోనే ఉంది.

వ్యాను ఇక తిరుగుతుందని ప్రసూన సంతోషించింది. ఆ సంతోషం ఉత్తర్వు వచ్చేదాకా నిలిచింది.

ఒక్క వ్యానుకే గాంభీర్యం ఇస్తే మిగతావి చిన్నబోతాయి కనుక చెత్త ఆటోలకు, పన్నుల జీపుకు, దోమల మందు బండికి, కమిషనర్ గారి కారుకు కూడా డ్రమ్ములు అమర్చాలని నిర్ణయించారు. స్పీకర్లు వచ్చేదాకా డ్రమ్ములు ఇళ్లలోనే ఉంచుతారు. కొసవీధిలో ప్రతి డ్రమ్ము మీదా ఎర్ర రంగుతో "పు.సం. ధ్వని పరికరము, ఖాళీగా ఉంచవలెను" అని రాసిపోయారు. ఈ వీధినే ఎంచుకోవడానికి కారణం కూడా ఉత్తర్వులో ఉంది. "ఇచ్చట డ్రమ్ములు దీర్ఘకాలముగా, నమ్మదగిన రీతిలో ఖాళీగా ఉండుట గమనించడమైనది."

దాని కింద ఇంకో వాక్యం ఉంది. "నీరు వచ్చినచో నివాసితులు ధ్వని పరికరములను నింపు ప్రమాదము కలదు. కావున తదుపరి ఉత్తర్వుల వరకు సదరు వీధికి నీటి సరఫరా నిలిపివేయడమైనది."

వీధి వీధంతా ప్రసూన గడప ముందుకొచ్చింది. ఎప్పుడో ఒకసారి వచ్చే నీళ్లు కూడా ఇప్పుడు రావు. ఆ సలహా ఇచ్చిందెవరో అందరికీ తెలుసు.

"ఏందమ్మా, నిన్ను నీళ్లు అడగమని పంపిస్తే, డ్రమ్ములు గూడా ఇచ్చొస్తివే!" అంది ఒకామె.

"వాళ్ల కుర్చీల్లో కూర్చుంటే వాళ్ల బుద్ధే వచ్చుద్ది" అంది ఇంకొకామె.

జయమ్మ మాత్రం పసిబిడ్డను భుజానేసుకుని నిలబడింది. ప్రసూనకు ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. "ఎగతాళికన్నానత్తా" అంది. "వాళ్లకు ఎగతాళి అర్థం గాదని మర్చిపోయినా."

"అర్థమయ్యే మాటలో చెప్పు మరి" అంది జయమ్మ, బిడ్డ వీపు నిమురుతూ.

ప్రసూన పెరట్లోకి వెళ్లేసరికి కోదండపాణి గోడ మీదుగా వంగి పక్కింటివాళ్ల డ్రమ్మును తట్టి తట్టి చూస్తున్నాడు. ఆయనకు ఈ గొడవంతా ఒక వరం. "నీ సలహా మంచిదే ప్రసూనా. మూసిన పెట్టెలాంటిదే ఇది. కాకపోతే ఒకటే చిక్కు. యాడన్నా సన్న చిల్లున్నా గాలి జారిపోద్ది. గాలి పోతే మోత సచ్చిపోద్ది."

ప్రసూన తలెత్తింది. "చిల్లుందో లేదో ఎట్టా తెలుస్తది?"

"దానికి పెద్ద పద్ధతులున్నయ్. సబ్బు నురగ రాసి..."

"బజార్లో డ్రమ్ము కొనేటప్పుడు మనమేం జేస్తాం?"

"ఏం జేస్తాం? నీళ్లు పోసి చూస్తాం" అన్నాడు ఆయన. ఆమె ఎందుకు నవ్వుతోందో ఆయనకు అర్థం కాలేదు.

*

తర్వాతి సమావేశానికి ప్రసూన ఆహ్వానం కోసం ఆగకుండానే వెళ్లింది. చేతులు కట్టుకుని, చాలా వినయంగా కూర్చుంది. అందరూ మాట్లాడటం అయ్యాక నోరు విప్పింది.

"చిన్న అనుమానమండీ. ఆ డ్రమ్ములు పాతవి. వాటిల్లో చిల్లుంటే గాలి బయటికి పోద్దంట. గాలి పోతే గాంభీర్యం పోద్దంట."

"గాంభీర్యం లీకవుతుందా?" అన్నారు కమిషనర్ గారు.

"అవుద్దంటండీ. రేపు మీ కారులో డ్రమ్ము పెట్టాక, కలెక్టర్ గారి ముందు మైకు తీస్తే, కీచుమని వచ్చిందనుకోండి. అప్పుడు బాధ్యత ఎవరిదవుద్దో..." అని వాక్యం అక్కడే వదిలేసింది.

బాధ్యత అనే మాటకు ఆ గదిలో సబ్‌వూఫర్ కంటే ఎక్కువ బలముంది. దశరథరామయ్య కుర్చీలో సర్దుకు కూర్చున్నారు. "లీకు లేదని ధ్రువీకరించకుండా వాటిని స్వీకరించింది ఎవరు?" అన్నారు, స్వీకరించింది తనే అన్న సంగతి అంతలోనే గుర్తొచ్చి ఆగిపోయారు. "అనగా, ధ్రువీకరణ ప్రక్రియ వెంటనే చేపట్టాలి సార్."

"ఎలా చేపడతారు?" అన్నారు కమిషనర్ గారు.

"మేం ఆడవాళ్లం ఒక పద్ధతి జేస్తామండీ" అంది ప్రసూన. "అంచు దాకా నీళ్లు నింపి పక్కన పెట్టి చూస్తాం. మట్టం తగ్గితే చిల్లున్నట్టు."

"సులభమైన, ఖర్చు లేని, ప్రమాణబద్ధమైన పరీక్ష" అని దశరథరామయ్య అప్పటికే రాసుకుంటున్నారు. చటుక్కున పెన్ను ఆపారు. "కాని సార్, ఆ వీధికి నీటి సరఫరా నిలిపివేశాం."

కమిషనర్ గారు చిరునవ్వు నవ్వారు. పరిపాలనలో ఇన్నేళ్లు ఊరికే గడపలేదు ఆయన. "సరఫరా నిలిపివేశాం. పరీక్ష నిలిపివేయలేదు కదా? పరీక్షార్థం వదిలిన నీరు సరఫరా ఎలా అవుతుంది?"

"అవదు సార్."

"ఒక్కసారి చూస్తే సన్న చిల్లు తెలియదండీ" అంది ప్రసూన, పమిట కొంగు సర్దుకుంటూ. "ఎండకు ప్లాస్టిక్కు సాగుద్ది. ఇయ్యాల లేని చిల్లు రేపు పడొచ్చు."

"ప్రతి దినం పరీక్షించాలి" అన్నారు కమిషనర్ గారు.

"మనుషులు ఇళ్లల్లో లేకపోతే ఎట్టండీ? టైము ముందుగా చెబితే..."

"ప్రకటన వాహనం ద్వారా ముందుగా తెలియజేయాలి. గాంభీర్యంతో."

"మరి పరీక్ష అయిపోయినాక ఆ నీళ్లు? డ్రమ్ము ఖాళీగా ఉండాలి గదండీ?"

దీనికి కమిటీ చాలాసేపు తర్జనభర్జన పడింది. పరీక్ష నీటిని సంఘం వెనక్కి తీసుకోవాలంటే ట్యాంకరు కావాలి. ట్యాంకరు కొనాలంటే ఇంకో కమిటీ కావాలి. చివరికి దశరథరామయ్య మార్గం కనిపెట్టారు. "పరీక్షానంతరం మిగులు నీటిని నివాసితులే స్వంత బాధ్యతపై, తగు పాత్రలలోనికి, ఆలస్యం చేయకుండా తొలగించుకొనవలెను. ఇందులకు సంఘము ఎట్టి సహాయము చేయజాలదు."

"కష్టమైన పనేనండీ" అంది ప్రసూన. "మా వీధివాళ్లకు ఎట్టాగో నచ్చజెప్తాను."

*

పొద్దున్నే వ్యాను మోత వీధి మొదట్లో మొదలైంది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. జయమ్మ ఇంటి గోడ మీద కోడి ఎగిరి అవతల పడింది. మస్తాన్ సన్న గొంతు డ్రమ్ములో పడి బయటికొచ్చేసరికి బావిలోంచి ఎవరో పెద్దాయన పిలుస్తున్నట్టుంది.

"కొసవీధి నివాసితులకు తెలియజేయునది ఏమనగా! ఈ దినము పదకొండు గంటలకు! ధ్వని పరికరముల లీకు పరీక్ష! ఇది నీటి సరఫరా కాదు! దీనిని నీటి సరఫరాగా ఎవ్వరూ భావించరాదు!" ఆగి, మామూలు మాటలో, "అమ్మలూ, బిందెలు గూడా బెట్టుకోండి" అన్నాడు. ఆ మాట కూడా డ్రమ్ములో నుంచి అంతే గంభీరంగా వచ్చింది.

పదకొండింటికి పంపులు దగ్గాయి, ఉమ్మాయి, తర్వాత ధారగా పడ్డాయి. వీధి వీధంతా పరీక్షలో మునిగిపోయింది. ఎర్ర అక్షరాల డ్రమ్ములు అంచు దాకా నిండాయి. నిండినవాటి నుంచి తగు పాత్రల్లోకి, అంటే బిందెల్లోకి, బకెట్లలోకి, గంగాళాల్లోకి, చెంబుల్లోకి, చివరికి ఒకామె పూజగదిలోంచి తెచ్చిన రాగి కలశంలోకి కూడా, ఆలస్యం చేయకుండా తొలగించుకున్నారు. తొలగించుకున్నకొద్దీ డ్రమ్ము ఖాళీ అవుతుంది కనుక మళ్లీ నింపి మళ్లీ పరీక్షించారు. అరగంటకు ఆగవలసిన నీళ్లు పరీక్ష పూర్తయ్యేదాకా వాల్వు కట్టకూడదన్న నియమం వల్ల గంటన్నర వచ్చాయి. జయమ్మ కోడలు పసిదాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని తలంటు పోసింది. అది వీధి దద్దరిల్లేలా ఏడ్చింది. కోదండపాణి బ్యాంకుకు సెలవు పెట్టి, డ్రమ్ము నుంచి డ్రమ్ముకు తిరుగుతూ తట్టి చూస్తూ, ఏ డ్రమ్ము మోత ఎలాంటిదో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు.

పదిరోజులయ్యేసరికి ఈ సంగతి ఊరంతా పాకింది. రైల్వే గేటు వీధివాళ్లు తమ డ్రమ్ములు కూడా సంఘానికి సమర్పించుకుంటామని అర్జీ పెట్టారు. తమ పట్ల వివక్ష చూపుతున్నారని బ్రాహ్మణకుంట వీధివాళ్లు ఫిర్యాదు చేశారు. ప్రజల్లో సంఘం పట్ల గౌరవభావం ఇంతగా పెరగడం చూసి కమిషనర్ గారు ఆనందపడి, పరీక్షను కళ్లారా చూడటానికి స్వయంగా కొసవీధికి వచ్చారు. వెనకాలే దశరథరామయ్య, చేతిలో స్కేలు.

మొదట జయమ్మ ఇంటి ముందే ఆగారు. డ్రమ్ము అంచు దాకా నిండి ఉంది. పక్కన బిందెలన్నీ నిండి ఉన్నాయి. జయమ్మ కొంగు నడుముకు చుట్టుకుని నిలబడింది. గోడ అవతల ప్రసూన గిన్నెలు తోముతున్నట్టు తలవంచుకుంది, కాని చేతులు ఆగిపోయాయి. ఇక్కడ ఒక్క మాట తప్పితే రేపు పంపులు దగ్గవు.

కమిషనర్ గారు నీళ్ల మీదికి వంగి చూశారు. దశరథరామయ్య స్కేలు పెట్టి కొలిచారు. "పదిరోజులుగా మట్టం తగ్గలేదు సార్" అన్నారు. "ఇక పరీక్ష ముగించవచ్చునేమో."

కమిషనర్ గారు జయమ్మ వైపు తిరిగారు. "ఏమమ్మా, మీ డ్రమ్ములో లీకు ఉన్నట్టా, లేనట్టా?"

జయమ్మ డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగింది. అడుగున చెయ్యి పెట్టి తడిమింది. ఆ చేతిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, డాక్టరమ్మ ఎక్స్‌రే చూసినట్టు చాలాసేపు చూసింది.

"ఇప్పుడే చెప్పలేనయ్యా" అంది. "రేపు గూడా నింపి చూడాల."